కొండ సరస్సుకు పడవ మోటారు: ఏలూరులో కొని, గణపవరం చెరువులో నేర్చుకున్నది

పోయిన సెప్టెంబరులో నా స్నేహితురాలు సుజాత లడాఖ్‌లో ఒక సరస్సు మధ్యలో చిక్కుకుపోయింది. సరస్సుల అడుగున పేరుకున్న మట్టి మీద పరిశోధన తనది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తులో పడవ మోటారు నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఎదురుగాలిలో తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరడానికి రెండు గంటలు పట్టిందట. ఈసారి తోడుగా నేను వెళ్తున్నాను. మోటారు బాధ్యత నాది కాబట్టే ఈ ఏలూరు ప్రయాణం.

రాజమండ్రిలో పొద్దున ఆరింటికి రైలెక్కితే ఎనిమిది లోపే ఏలూరులో దిగాను. స్టేషన్ నుంచి కరీముల్లా గారి షెడ్డుకు ఆటోలో అరవై రూపాయలు. ముప్పై ఏళ్ళు బందరులో వేట పడవల ఇంజిన్లు చూసిన మనిషి ఆయన. బరువు తక్కువని నేను రెండున్నర హార్స్‌పవర్ మోటారు అడిగితే వద్దన్నారు. అంత ఎత్తులో గాలి పలచన, ఇంజిన్ బలం మూడో వంతుకు పైగా పోతుంది, ఎదురుగాలి వస్తే అది చాలదని చెప్పి, ఐదు హార్స్‌పవర్‌ది చూపించారు. నీళ్ళలో తిరిగే ఫ్యాను కూడా తేలిగ్గా తిరిగేలా తక్కువ పిచ్‌ది, అంటే రెక్కల వంపు తక్కువున్నది, బిగించారు. పలచని గాలికి పెట్రోలు కూడా తగ్గాలి కాబట్టి, కార్బురేటర్లో పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం బిళ్ళ, అదే జెట్, చిన్నది వెయ్యాలి. అది కూడా బిగించేసి ఇవ్వమన్నాను.

"ఇక్కడ బిగిస్తే ఈ గాలికి పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కి పాడైపోద్దండీ. అక్కడికెళ్ళాక మీరే మార్చుకోవాలి," అన్నారు.

నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే సరిగా రాదని చెప్పాను. ఆయన నవ్వలేదు. మోటారును ట్రాలీ ఆటోలో వేయించి గణపవరం దారి పట్టించారు. కొల్లేరు అభయారణ్యంలో మోటారు నడపనివ్వరని, తనకు తెలిసిన వాళ్ళ చేపల చెరువుకు తీసుకెళ్ళారు. గంటంబావు ప్రయాణం, ఆటోకి తొమ్మిది వందలు.

అక్కడి పడవకు మోటారు తగిలించి చెరువు మధ్యకు వెళ్ళాక ఇంజిన్ ఆపేసి, జెట్ విప్పి అదే మళ్ళీ బిగించమన్నారు. పెట్రోలు నీళ్ళలో పడకుండా సీసాలోకి వంపాను. జెట్ మాత్రం వేళ్ళ మధ్య నుంచి జారి చెరువులో పడింది. ఆయన జేబులోంచి ఇంకొకటి తీసి, కింద తువ్వాలు పరిచారు. రెండోసారి అరగంట పట్టింది. నాలుగోసారి పావుగంట. తాడు లాగితే ఇంజిన్ అందుకుంది.

ఒడ్డుకు వస్తుంటే ఆయన, "మీ స్నేహితురాలికి కూడా నేర్పండి. మీరు పక్కన లేనప్పుడు ఆగిపోతే?" అన్నారు.

సాయంత్రం దగ్గర్లోని తాడేపల్లిగూడెం స్టేషన్లో, మోటారు పక్కన పెట్టుకుని, రైలు కోసం కూర్చుని సుజాతకు ఫోన్లో ఆ మాట చెప్పాను. ఆ రోజు గాలికన్నా, ఆగిపోయిన మోటారులో ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియకపోవడమే ఎక్కువ భయపెట్టిందని అప్పుడు చెప్పింది. ఏడాదిగా ఆ మాట నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. మంచి మోటారు కొనిస్తే తనకు ధైర్యం వస్తుందనుకున్నాను. శనివారం మా ఇంటికి వస్తానంది, నేర్చుకోవడానికి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: జెట్లు మోటారు మోడల్ నంబరు చెప్పి నెల ముందే తెప్పించుకోండి, ప్రతి సైజుదీ రెండేసి. కొండ దిగాక ఇంజిన్ తాడు లాగే ముందు పాత జెట్ తిరిగి బిగించండి.