బోర్డు మీద ఎనిమిదో పేరు

ఏడేళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. నాలుగు గుండుసూదులతో బోర్డుకు గుచ్చిన కాగితం. నిజంగా గుచ్చిందెవరో మా ఆఫీసులో ఇప్పటికీ తెలియదు. మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. మిగతా పేర్లూ మార్చాను.

ముందు నా సంగతి చెప్పాలి. నన్ను ఎవరైనా ఒక మాట అంటే మరిచిపోను. ఏ వీడ్కోలు సభలో నాకు కుర్చీ వేయలేదో, ఏ అధికారి నా అర్జీని చదవకుండా పక్కన పడేశాడో ఇప్పుడడిగినా చెప్పగలను. పట్టు వదలని మనిషినని నాలో నేనే గర్వపడేవాణ్ని.

గుంటూరు దగ్గర ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో పంతొమ్మిదేళ్లు జీతాల బిల్లులు నేనే చేశాను. ఒకరోజు ఆ పనిని బయటి ఏజెన్సీకి అప్పగిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. అధికారి అందరి ముందూ చదివారు. రికార్డు అసిస్టెంటు రమణమ్మగారు వెంటనే అందుకున్నారు.

"అమ్మయ్య! ఇకనైనా నా ఇంటిపేరు నాకు దక్కుతుంది."

"అదేంటమ్మా?" అన్నారు అధికారి.

"పెళ్లయినా నేను మార్చుకోని ఇంటిపేరండీ. సారు ఒక్క బిల్లులో మార్చేశారు. మళ్లీ తెచ్చుకోడానికి నాలుగు నెలలు తిరిగాను."

"అది టైపు చేసినవాళ్ల తప్పండీ," అన్నాను.

"ఎవరిదైతే ఏంలెండి సార్. మా ఆయన వల్ల కానిది మీ వల్ల అయింది!"

అందరూ నవ్వారు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వారు. ఆ మాటలో విషం లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలుసేమో. కానీ పంతొమ్మిదేళ్ల పని పోయిన రోజున నా వెనక మిగిలింది ఆ నవ్వొక్కటే అనిపించింది.

ఏజెన్సీకి పంపడానికి అందరి వివరాలూ నన్నే సేకరించమన్నారు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, నామినీ. భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు రమణమ్మగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. తనకేమైనా అయితే రావలసినవి భర్తకు కాకుండా అద్దంకిలో ఉన్న చెల్లెలికి చెందేలా మార్చమన్నారు. ఆయనకు తెలిస్తే తనను బతకనివ్వడన్నారు. ఎవరికీ తెలియదని మాట ఇచ్చాను. ఆవిడ తన వేళాకోళాన్ని ఎప్పుడో మరిచిపోయారు. నేను మరవలేదు.

నెల తిరక్కుండా ఏజెన్సీ నుంచి సుజాత వచ్చింది. చీరాల నేతపనివాళ్ల ఇంటి ఆడపడుచు, ముప్పై దాటిన మనిషి. ఒక్కొక్కరి వివరాలు ఒక్కొక్క కవరులో పెట్టి అంటించి తెచ్చింది. ఎవరి కవరు వాళ్ల చేతికే ఇచ్చి సరిచూసుకోమనాలనీ, పేర్లన్నీ కలిసి ఉన్న జాబితా మాత్రం ఫైలులోనే ఉండాలనీ నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు! నాకు నేర్పడానికి తనెవరు అనుకున్నాను.

మా ఆఫీసులో ఒక పాత పద్ధతి ఉంది. సీనియారిటీ జాబితా అయినా, సెలవుల లెక్క అయినా వరండాలో నోటీసు బోర్డుకు పెడతాం. అందరూ చూసుకుని పక్కన సంతకం చేస్తారు. ఆ సాయంత్రం నేనూ అదే చేశాను. కవర్లు బీరువాలో పడేసి, నామినీలతో సహా మొత్తం జాబితాను బోర్డుకు గుచ్చాను. రమణమ్మగారి పేరు అందులో ఎనిమిదోది.

బోర్డు కింద బెంచీ ఉంది. ఆవిడ భర్త రోజూ ఆఫీసు వదిలే వేళకు బండి మీద వచ్చి అక్కడే కూర్చుంటాడు. ఆ రోజు మిర్చి బస్తాల లారీ ఏదో వెళ్లినట్టుంది, వరండా అంతా ఘాటు. దగ్గుతూ లేచి నిలబడ్డాడు. చదివాడు. ఆవిడ సంచీ తగిలించుకుని బయటికి రాగానే జుట్టు పట్టుకున్నాడు. మేం విడిపించాం. నేనూ విడిపించాను.

పదకొండు రోజుల తర్వాత ఆవిడ మణికట్టుకు పిండికట్టుతో వచ్చారు. తర్వాత అద్దంకికి బదిలీ చేయించుకుని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు.

జాబితా ఎవరు పెట్టారని విచారణ జరిగింది. ఏజెన్సీ మనిషి పెట్టి వెళ్లిందన్నాను. కవర్లు అసలు రానేలేదన్నాను. అప్పటికే వాటిని కాల్చేశాను. అంతటితో ఆగలేదు. ఉద్యోగుల వివరాల గోప్యత గురించి ఆరు పేజీల ఫిర్యాదు రాశాను. నా జన్మలో అంత మంచి అర్జీ రాయలేదు. అందులో ప్రతి వాక్యమూ న్యాయమైనదే, ఒక్క పేరు తప్ప. సుజాతను పనిలోంచి తీసేశారు. తండ్రి మగ్గం మానేశాక ఆ ఇంటికి తనే ఆధారమని తర్వాత విన్నాను.

వచ్చే ఏడాది రిటైరవుతాను. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఇప్పటికీ ఎత్తను. సుజాత అప్పుడేమైనా రసీదు తీసుకుందా? నేను సంతకం పెట్టానా? ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. ఎవరెవరు ఎప్పుడేమన్నారో తేదీలతో సహా చెప్పగలవాణ్ని, నేను చేసిందే మసకగా ఎందుకుంది?

పోయిన నెల అద్దంకి బస్టాండులో రమణమ్మగారు కనిపించారు. ఆవిడే ముందు గుర్తుపట్టారు. టీ ఇప్పించారు.

"అందరూ అయ్యో అన్నారు సార్. కాగితం మీద రాసింది మీరొక్కరే. మీ మేలు మరిచిపోను," అన్నారు.

"నా బాధ్యతమ్మా," అన్నాను. టీ మొత్తం తాగాను.

అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఆవిడకు చెప్పేయాలి. సుజాతను వెతికి చెప్పాలి. చెబుతానా? నా మీద నాకే నమ్మకం లేదు. మీ క్షమ నాకు పనికిరాదు, నేను కీడు చేసింది మీకు కాదు. కానీ ఒక్క మాట ఎక్కడో ఒకచోట రాయాలి. పాత పద్ధతి ప్రకారం పెట్టానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పద్ధతి కాదు, పొరపాటూ కాదు. ఆయన చదువుతాడని తెలిసే, చదవాలనే పెట్టాను.

రాశాను. ఇంకా భయంగానే ఉంది. కానీ ఈ ముక్క ఇప్పుడు నా ఒక్కడి లోపలే లేదు.