వెదురు చుట్టలో దూరిన ఎర్రపిల్ల

మా మనవరాలు అమలాపురంలో ఓ కుక్కని కొంది. చంకలో పట్టేంతుంది. రెండు జాతులు కలిపి ఇంత చిన్నది చేసేరట. మా పెదనాన్నగారు ఆ పని ముక్తేశ్వరంలో నా చిన్నప్పుడే చేసేరు.

కలుగులోకి దూరి పందికొక్కుల్ని చంపే కుక్క కావాలాయనకి. అవి కొబ్బరిమొక్కల మొదళ్లు కొరికేసేవి. పొట్టికాళ్ల కుక్కల్ని జతకట్టించి, ప్రతి ఈతలోనూ చిన్న పిల్లల్నే ఉంచేవారు. వెదురుబద్దని గుండ్రంగా వంచి చుట్ట చేసేరు. నెల పిల్ల అందులో దూరితేనే పెద్దయ్యాక కలుగులో దూరగలదని ఆయన లెక్క. దూరనిదాన్ని గోనెలో రాయేసి కట్టి కాలవలో ముంచేసేవారు. నీళ్లలో ఆ మూట తన్నుకోడం చూసేను.

"పెద్దదైతే ఏం పోయిందండీ?" అన్నాను.

"దూరని కుక్కకి కూడెందుకే?" అన్నారు.

తర్వాతి ఈతలో ఓ ఎర్రపిల్ల బొద్దుగా ఉంది. పాలు తాగకపోతే పెరగదనుకుని, దాన్ని తల్లి దగ్గర్నించి లాగేసి తట్ట కింద మూసేదాన్ని. చుట్టలో దూరింది. తర్వాత కూడా దాని కూడు కోళ్లకి పోసేసేదాన్ని.

మొదటి వేటలోనే కలుగులోంచి దాని అరుపులు వినపడ్డాయి. పెదనాన్నగారు తోక పట్టి లాగితే సగం మొహం లేకుండా వచ్చింది. ఇంకా కొట్టుకుంటోంది. పలుగు తిరగేసి తల మీద ఒక్కటేసేరు.

"మంచి జాతే, సత్తువెందుకు లేదో," అన్నారు.

పొట్టితనం పుట్టుకతో రావాలని నాకప్పుడు తెలీదు. ఆయన ముంచినవి కడుపునిండా పాలు తాగి చచ్చేయి. నేను కాపాడింది ఆకలితో చచ్చింది.