యాన్బు రేవులో తిట్లు

ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి విదేశాల్లో చదువుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అంటే, మా అమ్మ అలా చెప్పుకునేది. నిజానికి ఓడల చదువు చెప్పే మా కాలేజీవాళ్ళు, మిగిలిన చదువు సముద్రం మీదే పూర్తిచెయ్యమని నన్నొక సరకుల ఓడ ఎక్కించారు. కొలంబో, మొంబాసా, దారెస్సలాం, జిబూతీ... కొబ్బరిచెట్ల దేశాలన్నీ తిరిగానని ఇప్పటికీ గొప్పలు పోతుంటాను గానీ, నేను చూసింది ఆయా దేశాల గోడౌన్ల వెనకగోడలు. (కొబ్బరిచెట్లు దూరంగా కనిపించేవి. అవి మా కాకినాడలోనూ ఉన్నాయి.) ఓడ ఎక్కడ ఆగినా నా చదువు ఒకటే, సుత్తి పట్టుకుని తుప్పు గీకడం.

తుప్పుకైతే అలవాటు పడ్డాను. మాటకే మొహం వాచిపోయాను. ఓడలో ఫిలిప్పీన్స్‌వాళ్ళు, ఉక్రెయిన్‌వాళ్ళు, ఒక బర్మా వంటవాడు. తెలుగు ముక్క వచ్చినవాడు లేడు. ఎక్కడ మర్చిపోతానో అని భయమేసి, తుప్పు గీకుతూ మా సిటీ బస్సు కండక్టరులా "భానుగుడి, మెయిన్‌రోడ్డు, జగన్నాథపురం, దిగాలమ్మా దిగాలి!" అని అరుచుకునేవాణ్ణి. నా మీద అజమాయిషీ చేసే ఫిలిపినో మేస్త్రీ (నేను పెట్టిన పేరు తుప్పు మాస్టారు) అదంతా నా ప్రార్థన అనుకుని, పక్కవాళ్ళ సుత్తులు కూడా కాసేపు ఆపించాడు. ఆయన భక్తి చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అలా ఎర్రసముద్రంలోకి వచ్చి సౌదీలో యాన్బు చేరాం. అక్కడి ఫ్యాక్టరీల్లో మనవాళ్ళు చాలామంది ఉంటారని విన్నాను. ఒక్కరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలని, ఏం మాట్లాడాలో ముందే మనసులో రాసిపెట్టుకున్నాను. తీరా చూస్తే ఓడవాళ్ళెవరూ గట్టుమీదకి దిగకూడదన్నారు. గట్టుమీద పనివాళ్ళకి సన్నతాడు విసరడం వరకే నా పని. దాన్ని పట్టి లాగితే దాని వెనకే ఓడను కట్టే పెద్ద మోకు వెళుతుంది. బరువు కోసం ఆ సన్నతాడు కొసన గట్టి ముడి ఉంటుంది. నేను విసిరిన ముడి నేరుగా వెళ్ళి ఒకాయన హెల్మెట్‌ని టంగుమనిపించింది.

"ఎవడ్రా వాడు! కండ్లు కనవడ్తలేవా? జరంతైతే నా తల్కాయ పలుగుతుండె గదరా, సచ్చినోడా!"

నేను రైలింగు మీంచి సగానికి సగం వేలాడి, "సారీ అండీ! మీరు తెలుగువాళ్ళాండీ?" అని పరమానందంగా అరిచాను.

ఆయన హెల్మెట్ సర్దుకుంటూ పైకి చూశాడు. "ఓర్నీ! తెలుగోనివా? మాది జగిత్యాల దిక్కు..." అంతలోనే వాళ్ళ ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తరిమాడు. మోకు కట్టేసి ఆయన వెళ్ళిపోయాడు. సరకు దిగినంతసేపూ ఆ రైలింగు దగ్గరే కూర్చుని గీకాను. (అక్కడ తుప్పు లేదు. మంచి పెయింటు గీకాను. తుప్పు మాస్టారు తల పట్టుకున్నాడు.) ఆయన మళ్ళీ కనిపించలేదు.

ఓడ బయలుదేరే పొద్దున, మోకులు విప్పడానికి వచ్చినవాళ్ళలో ఉన్నాడు! మనసులో రాసిపెట్టుకున్నదాంట్లో ఒక్క మాటా గుర్తురాలేదు.

"తిన్నారాండీ?" అన్నాను.

"ఇంకా లే. నువ్ తిన్నవా?"

"తిన్నానండీ."

అయిపోయింది. నెలల తరబడి దాచుకున్న తెలుగంతా అంతే. ఆయన మోకు విప్పి వదిలాడు. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు కనిపించడం మొదలైంది. మళ్ళీ రైలింగు మీంచి వేలాడి, "బాబాయ్, ఇంకొక్కసారి తిట్టండి!" అని అరిచాను.

ఆయన ముందు పకపకా నవ్వాడు. నా మొహం చూశాక నవ్వు ఆపాడు. ఓడ వెంటే గట్టుమీద నడుస్తూ తిట్లు అందుకున్నాడు.

"ఓ నెత్తిమాసినోడా! తాడిసురుడు రాదుగని ఓడెక్కినవా? బొక్కలు తేలినయ్, కడుపునిండ తినుడు తెల్వదా? నిన్ను గన్న అవ్వకు ఫోన్ జెయ్యాల్నని ఎరుక లేదార గాడిదికొడుకా..."

గట్టు అయిపోయింది. ఆయన చివర్న నిలబడి ఇంకా తిడుతూనే ఉన్నాడు, చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మాటలు మాత్రం ఇంజను హోరులో కలిసిపోయాయి. తుప్పు మాస్టారు పక్కకొచ్చి, ఆయన మీ చుట్టమా అని ఇంగ్లీషులో అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు నేనే కెప్టెన్ని, ఒక ఓడ నా చేతిలో ఉంది. అందరూ సర్ అంటారు, తిట్టే ధైర్యం ఎవరికీ లేదు. అయినా ఏ రేవులోనైనా కొత్త కుర్రాడు విసిరిన తాడు ఎవరి హెల్మెట్‌కో తగిలితే, వాణ్ణి మందలించబోయేవాణ్ణి కాస్తా ఆగిపోతాను. కిటికీ తెరిచి, గట్టుమీంచి ఏ భాషలో తిట్లొస్తాయా అని వింటాను.