పద్దెనిమిది నిండిందని చెప్పాం

బాగేపల్లిలో మా అంగడికి సరుకు తెచ్చే లగేజీ ఆటోను మా చిన్నవాడే నడిపేవాడు. పదో తరగతి కాగానే వాళ్ళ నాయన తాళం చేతికిచ్చాడు. దారిలో పోలీసులు ఆపితే పద్దెనిమిది నిండిందని చెప్పాలి. మా వీధిలో బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే పాఠం. మీసం కూడా సరిగా మొలవని వాడు గొంతు లావు చేసి ఆ మాట అంటుంటే నవ్వేదాన్ని, నా నోట మన్ను పడ.

మొన్న వేసవిలో చిక్కబళ్ళాపురం నుంచి వస్తూ, పేరేసంద్ర దగ్గర మోపెడ్ మీద పోతున్న ముసలాయన్ని గుద్దేశాడు. భయపడి ఆపకుండా ఇంటికొచ్చేశాడు. ముసలాయన ఆసుపత్రిలో పోయాడు. బండి నంబరు పట్టుకుని పోలీసులు ఇంటికొచ్చి, వాణ్ణి తీసుకుపోయారు. ఆ ఇంటివాళ్ళ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. స్టేషన్లో వయసెంతని అడగ్గానే మా ఆయన అలవాటుకొద్దీ, పద్దెనిమిది నిండింది సార్ అనేశాడు. నిజానికి ఇంకా నిండలేదు. అయినా వాడూ తలూపాడు. బెయిలు రాని సెక్షన్లు పెట్టి పెద్దవాళ్ళ జైలుకు పంపారు.

చింతామణి లాయరు దారి చెప్పాడు. నిజం చెబితే కేసు బాలల బోర్డుకు పోతుందట, వాణ్ణి హోమ్‌లో ఉంచి చదివిస్తారట. కాకపోతే, మైనరుకు బండి ఇచ్చినందుకు తండ్రి మీద కేసు పడుతుంది. మా ఆయన గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి.

"నువ్వు నోరు తెరిస్తే నేను లోపలికి పోతా. బతికి వస్తానా?" అన్నాడు.

ఎంత కోపమొచ్చిందో! కానీ ఏమని తిట్టను? అటు చూస్తే మొగుడు, ఇటు చూస్తే బిడ్డ.

జైల్లో చూడబోతే పిల్లాడు సంబరంగా ఉన్నాడు.

"నా పక్కన పండుకునే అన్న మనిషిని చంపినాడంటమ్మా. నన్ను బాగా చూసుకుంటాండాడు. బయటికొచ్చినాక పని ఇస్తాడంట."

వాడు ఏడ్చి ఉంటే నేను ఇంకొన్నాళ్ళు ఓర్చుకునేదాన్నేమో. ఆ సంబరం చూశాక ఇక ఆగలేకపోయాను.

తర్వాతి వాయిదాకు కోర్టులో లేచి నిలబడ్డాను. పిల్లాడు దూరం నుంచే వద్దని తలాడించాడు.

"పదిహేడే, స్వామీ. కన్నదాన్ని నేను."

జడ్జి తలెత్తాడు. మరి బండి ఎవరిచ్చారని అడిగాడు. పక్కన కూర్చున్న మా ఆయన నా కొంగు గట్టిగా పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు. ఈయనే, అన్నాను.