గడప దాటని మైసి

అరవై ఏడో సంవత్సరం వానాకాలంలో యూనివర్సిటీ ఆఫీసు నుంచి గట్టయ్యకు ఒక కాగితం వచ్చింది. పద్నాలుగేళ్ల నౌకరీలో ఆయనకు వచ్చిన మొదటి కాగితం అదే. చదువు రాని మనిషికి కాగితాలు పంపడం ఆఫీసులకు అలవాటే గనక అందులో వింతేమీ లేదు. కానీ దాంట్లో ఏముందో తెలిశాక గట్టయ్యకు అన్నం సహించలేదు.

గట్టయ్య మొక్కల శాఖవారి మడులకు కాపలాదారు. క్యాంపస్ వెనకవైపు, బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ లేని చోట ఆ మడులు ఉండేవి. ప్రొఫెసర్లు అందులో పెసరా, వేరుశనగా వేసి, ఒక్కో మొక్కకూ ఒక్కో చీటీ కట్టి, అదేదో కనిపెట్టే పనిలో ఉండేవారు. కుందేళ్లకు చీటీలతో పనేముంది? తెల్లవారుతూనే పొదల్లోంచి వచ్చి, మూడేళ్ల పరిశోధనను మూడు నిమిషాల్లో నమిలి పోయేవి. వాటిని తరమడానికే గట్టయ్యను పెట్టారు. నిజం చెప్పాలంటే తరిమేది గట్టయ్య కాదు, మైసి.

మైసి వేటకుక్క. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, ఎండిన చొప్ప రంగు. భువనగిరి అవతల గట్టయ్య పుట్టిన ఊరి నుంచి, కళ్లు తెరిచిన కొత్తలోనే గోనెసంచిలో బస్సెక్కి వచ్చింది. వాళ్లింట్లో మూడు తరాలుగా వేటకుక్కలున్నాయి. తండ్రి బుచ్చిరాములు వాటి విషయంలో రెండే నియమాలు పెట్టాడు. ఒకటి, వేటకుక్క గడప దాటి ఇంట్లోకి రాకూడదు. పొయ్యి వెచ్చదనం మరిగిన కుక్క పరుగు మరిచిపోతుందని ఆయన అనేవాడు. రెండోది, వేటకు ముందు దానికి తిండి పెట్టకూడదు, వేట ముగిశాక మొదటి వాటా దానిదే. మనిషికొక వాటా, కుక్కకొక వాటా. కుక్క తిన్నాకే మనుషులు ముట్టాలి.

గట్టయ్య ఈ రెండూ తు.చ. తప్పలేదు. మడుల దగ్గర కుందేళ్లను తరమడమే గాని చంపడం లేదు కాబట్టి, పొద్దుటి పని కాగానే తన గిన్నెలోంచి మొదటి ముద్ద జొన్న గట్క తీసి మైసి ముందు పెట్టేవాడు. అది తిన్నాక తాను తినేవాడు. నిమరడం, ముద్దు చేయడం లాంటివి ఆయనకు తెలియవు. కాలిలో ముల్లు తీసేటప్పుడు తప్ప ఏడేళ్లలో దాని ఒంటి మీద చెయ్యి వేసిందే లేదు.

కాగితాన్ని చదివి చెప్పినవాడు జ్ఞానప్రకాశం. ఆఫీసులో గుమాస్తా, తెనాలి వైపు నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. గట్టయ్య భార్య లింగమ్మ వాళ్లింట్లోనే అంట్లు తోముతుంది.

"కొత్త ఆఫీసరుగారు క్వార్టర్స్ చూడ్డానికొచ్చినప్పుడు నీ గుమ్మం ముందు కుక్కని చూశారంట" అన్నాడు జ్ఞానప్రకాశం కళ్లజోడు సవరించుకుంటూ. "అది నీ ఇంటి పెంపుడు కుక్కా, తోటలో పని చేసే కుక్కా అని అడుగుతున్నారు. వారంలోగా జవాబు రాసివ్వాలి."

"రెండింట్ల ఏది రాస్తే మంచిగుంటది సారూ?"

"అదేనయ్యా చిక్కు. పెంపుడు కుక్క అని రాస్తే క్వార్టర్స్‌లో ఉండనివ్వరు, రూలు ఒప్పుకోదు. పని చేసే కుక్క అని రాస్తే అది యూనివర్సిటీది అయిపోద్ది. పని చేసినన్నాళ్లు ఉంచుతారు. చెయ్యలేకపోతే వాళ్లిష్టం, నీ మాట చెల్లదు."

"మరి ఇన్నొద్దులు ఏమని ఉన్నది సారూ అది?"

ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే. అడగనంత కాలం అన్నీ బాగానే ఉంటాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది గట్టయ్య పని.

ఆయన ఇంటికి వచ్చి లింగమ్మను అడిగాడు. లింగమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "గిదేం అడుగుడయ్యా? పని చేస్తది, తింటది. నేను చేస్తలేనా, తింటలేనా? మరి నేను పనిదాన్నా, ఇంటిదాన్నా?" అంది. గట్టయ్య అడిగింది ఒక ప్రశ్న, తిరిగి వచ్చింది రెండు.

మర్నాడు తార్నాకలో జ్ఞానప్రకాశం భార్య కరుణమ్మను అడిగాడు. ఆమె బడిలో పంతులమ్మ. ప్రశ్న ఏదైనా జవాబు ఉండి తీరాలనే మనిషి. "ఇందులో ఆలోచించేదేముంది గట్టయ్యా? ఏడేళ్లు నీ గుమ్మంలో ఉన్న ప్రాణి నీ ఇంటిది కాకపోతే ఎవరిది? దాన్ని పస్తుంచి పరిగెత్తించడం నాకు మొదట్నించీ నచ్చలేదు. ఎప్పుడన్నా దాని తల నిమిరావా నువ్వు?" అంది. గట్టయ్యకు సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో మాత్రం అర్థం కాలేదు.

తిరిగి వస్తుంటే దారంతా తండ్రే గుర్తొచ్చాడు. బుచ్చిరాములుకు ఎర్రి అని ఒక ముసలి కుక్క ఉండేది. చివరి రోజుల్లో దానికి రెండు కళ్లూ పోయాయి. అయినా వేట ఉన్న రోజు ఆయన దాన్ని గొర్రెపిల్లలా భుజాన వేసుకుని పోయి, పొలం గట్టు మీద కూర్చోబెట్టేవాడు. వాటాలు వేసేటప్పుడు ఎర్రి వాటా ఎర్రికి తీసేవాడు. "పని చేయని దానికి వాటా ఏంది?" అని తోటివాళ్లు కొట్లాటకు దిగినా మాట్లాడేవాడు కాదు. తండ్రికి చాదస్తమని అప్పట్లో గట్టయ్య అనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఎర్రి పనిదో ఇంటిదో అసలే తేలలేదు. ఉన్న అయోమయం చాలదన్నట్టు ఇదొకటి.

చివరికి పనికుక్క అనే రాయించాడు. కళ్ల ముందు ఉంటే చాలు, కాగితం మీద ఎవరిదైతేనేం అనుకుని వేలిముద్ర వేశాడు. ఆఫీసరుగారు ఊరుకునే మనిషి కాదు. సోమవారం తెల్లవారి తానే వచ్చి కుక్క పని చూస్తానని కబురు పంపాడు.

ఆదివారం సాయంత్రం గట్టయ్యకు కాలు నిలవలేదు. రేపు మైసి బాగా పరిగెత్తిందా, ఎల్లుండి నుంచి అది యూనివర్సిటీ కుక్క. పరిగెత్తలేదా, అసలుకే మోసం. గుమ్మం ముందు మైసి కూర్చుని ఉంది. అదే సమయానికి లింగమ్మ తార్నాక నుంచి వచ్చింది. చర్చి నుంచి వచ్చాక కరుణమ్మ మాంసం కూర వండి, అన్నంతో గిన్నె నిండా పెట్టి పంపింది. గట్టయ్య అందులోంచి ఒక ముద్ద తీసి మైసి ముందు పెట్టాడు. పని లేకుండా తిండి పెట్టడం ఆయన జీవితంలో అదే మొదలు. మైసి తిండి వైపు చూడలేదు, ఆయన ముఖం వైపు చూసింది. "తిను" అన్నాడు. అది తిన్నది. ఇంకో ముద్ద పెట్టాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు, గిన్నె ఖాళీ అయింది. ఆ రోజు మొదటిసారి దాని తల మీద చెయ్యి కూడా వేశాడు. మైసి బెదిరి, ముల్లు తీస్తాడేమోనని కాలు చాచింది.

ఆ కాలు చూసి గట్టయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేటకుక్కకు ముందు రోజు కడుపునిండా మాంసం పెట్టకూడదని బుచ్చిరాములు కొడుకుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసి తెలిసి పెట్టాడు. సోమవారం తెల్లవారి ఆఫీసరుగారు గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. కుందేళ్లు ఒకటీ రెండూ కాదు, ఐదు వచ్చాయి. "ఉస్కో మైసీ!" అన్నాడు గట్టయ్య. మైసి లేచింది, నాలుగడుగులు వేసింది, పొట్ట బరువుకు కూలబడి ఆవలించింది. కుందేళ్లు చీటీలు కట్టిన పెసర మొక్కలను వరసగా తిన్నాయి.

"నిన్న మాంసం పెట్టిన సారూ, గందుకే ఉరకలే" అన్నాడు గట్టయ్య.

ఆఫీసరుగారు చెడ్డవాడేం కాదు. నవ్వాడు కూడా. "మాంసం పెట్టి పెంచేదాన్ని పెంపుడు కుక్కే అంటారు గట్టయ్యా. పది రోజుల్లో బయటికి పంపించు. మడుల దగ్గరికి కూడా తేవద్దు" అని వెళ్లిపోయాడు.

కరుణమ్మ సంతోషంగా ఒప్పుకుంది. తార్నాకలో తమ పెరట్లో మైసి హాయిగా ఉంటుందంది. గట్టయ్య దాన్ని అక్కడ వదిలి, ఖాళీ గొలుసు చేత్తో పట్టుకుని వచ్చాడు. లింగమ్మ గట్క పెట్టింది. అలవాటు చొప్పున మొదటి ముద్ద తీసి గుమ్మం వైపు చాచాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ ముద్దను ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మూడో రోజు ఆఫీసుకు వెళ్లి జ్ఞానప్రకాశంతో, "క్వార్టర్ వద్దని రాయున్రి సారూ" అన్నాడు.

"మతి పోయిందా? నల్లా ఉంది, కరెంటు దీపం ఉంది. కుక్క కోసం క్వార్టర్ వదులుకుంటావా?"

"కుక్క కోసమో దేని కోసమో నాకు తెల్వదు సారూ. మీ పెరట్ల కట్టెలేసే అర్ర ఉన్నది గదా, గది ఇయ్యున్రి."

లింగమ్మ నల్లా దగ్గర నిలబడి తిట్టాల్సినవన్నీ తిట్టింది. తిట్టుకుంటూనే మూట కట్టింది.

అలా గట్టయ్య తార్నాక చేరాడు. తెల్లవారకముందే నడిచి మడులకు వెళ్లి, డబ్బా వాయిస్తూ కుందేళ్ల వెంట తానే పరిగెత్తేవాడు. నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లు మొరాయించేవి. మైసి ఇంటి దగ్గర ఉండేది. ఇదేదో తలకిందులైందని ఆయనకూ అనిపించింది. అంతకన్నా కష్టం ఏమిటంటే, మైసి తిండి మానేసింది. కరుణమ్మ పాలు పోసింది, రొట్టె వేసింది. గట్టయ్య తిరిగివచ్చి ముద్ద పెట్టినా మొహం తిప్పుకుంది. డొక్కలు లోపలికి పోయాయి. "జబ్బు చేసిందేమో" అంది కరుణమ్మ. ఏ ప్రశ్నకైనా జవాబుండే మనిషి గొంతులో బెంగ వినపడింది.

అప్పుడు గట్టయ్యకు ఎర్రి గుర్తొచ్చింది. కళ్లు లేని కుక్కను తండ్రి గట్టు దాకా ఎందుకు మోసుకుపోయాడో, ఇన్నేళ్లకు కొంచెం కొంచెంగా తెలిసినట్టయింది. గట్టు మీద కూర్చుంటే తప్ప ఎర్రి తన వాటా ముట్టేది కాదు.

మర్నాడు మైసిని వెంట తీసుకుపోయాడు. మడుల దగ్గరికి తేవద్దన్నారు గనక, ముళ్ల కంచె అవతల, రోడ్డు పక్కన బండ మీద కూర్చోబెట్టాడు. తాను కంచె లోపలికి వెళ్లి డబ్బా వాయించాడు. కుందేళ్లు లేచాయి. బయటి నుంచి మైసి ఒకటే మొరుగుడు. గట్టయ్య ఉరుకుతూ, మైసి కంచె వెంబడి అటూ ఇటూ పరిగెడుతూ, ఇద్దరూ కలిసి వాటిని పొదల్లోకి తోలారు. సికింద్రాబాద్ బస్సులో వెళ్లేవాళ్లు కిటికీల్లోంచి తొంగిచూసి నవ్వుకున్నారు.

ఇంటికి వచ్చాక మొదటి ముద్ద పెట్టాడు. మైసి తిన్నది. ముద్ద పెట్టిన చోటు నాకి, ఇంకా కావాలన్నట్టు చూసింది.

గట్టయ్యకు ఆనందం పట్టలేదు. అర్ర తలుపు బార్లా తెరిచి, "రా బిడ్డా, లోపలికి రా. ఇది మనిల్లే, ఎవడూ ఏమనడు" అన్నాడు. మైసి గడప దాకా వచ్చింది. అక్కడ ఆగింది. గడపనూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, తోక ఒకసారి ఊపి, బయటే కాళ్లు ముడుచుకుని పడుకుంది. మళ్లీ పిలిచాడు. రాలేదు. ఏడేళ్లు తానే నేర్పిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకు తెలియలేదు.

గట్టయ్య తినడానికి వేసుకున్న పీట మీంచి లేచాడు. గట్క గిన్నె చేత పట్టుకుని బయటికి వెళ్లి మైసి పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"ఇంట్ల తినవా?" అంది లింగమ్మ.

"అది లోపలికి రాదు."

"రాకపోతే?"

"నేనే బయటికొచ్చిన."

"నల్లా పాయె, కరెంటు పాయె, ఇగ ఇల్లు కూడా పాయె" అని గొణుక్కుంటూ, లింగమ్మ తన గిన్నె కూడా తీసుకుని బయటికి వచ్చి కూర్చుంది.