నర్సమ్మ చుట్టిన తేదీ

నర్సమ్మ పోయిందని మంగళవారం పొద్దున ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. పాతపట్నం దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా పనిచేసి, రిటైరయ్యాక కోటబొమ్మాళిలో ఉండేది. ఆమె నన్నొక వార్త రాయమని అడిగి ఇరవై రెండేళ్లయింది. అది నేను రాయకముందే ఆమె వెళ్లిపోయింది.

ఆమె అసలు పేరు మా ఊళ్లో సగం మందికి తెలియదు. పొట్టి మనిషి, చేతిలో మగవాళ్ల గొడుగు, చంకలో రిజిస్టరు. గర్భిణిని ఎన్నో నెల అని అడిగేది కాదు. నెలల దగ్గర ఇళ్లల్లో నిజం చెప్పరని ఆమె అనుభవం. తేదీ అడిగితే గుర్తుండదు. అందుకే, "ఏ పండక్కి దూరంగా కూసున్నావే?" అని అడిగేది. బయట చేరడం వల్ల పూజకు రానివ్వని పండగను ఏ ఆడపిల్లా మరచిపోదు. అక్కడి నుంచి లెక్కగట్టి, ఆ ఇంటి క్యాలెండర్‌లో కాన్పు తేదీకి ఎర్ర సిరాతో సున్నా చుట్టేది. దానికి మూడు వారాల ముందు పెన్సిల్‌తో గీత గీసేది. "ఈ గీతకి ముందు నొప్పులొస్తే పెద్దాసుపత్రికే. పిల్ల ఎటెల్తే ఈ కాయితం అటెల్లాలి" అని చెప్పి వెళ్లేది.

మా చెల్లి అత్తవారిది శృంగవరపుకోట. తొలి కాన్పుకని ఏడో నెలలో ఇంటికి తెచ్చాం. అమ్మ లేని ఇల్లు, పెత్తనమంతా నాయనమ్మది. మూడో రోజున నర్సమ్మ వచ్చి అడిగింది. "వినాయక చవితికి. ఉండ్రాళ్లు నా చేత ముట్టనివ్వలేదు" అంది చెల్లి. బీపీ చూసి, కళ్లు చూసి, మూత్రం మంటగా పోతోందా అని చెవిలో అడిగి, జూన్ కాగితం మీద సున్నా చుట్టింది నర్సమ్మ.

నాయనమ్మ పక్కనే కూర్చుని చుట్ట కాలుస్తోంది. మా వైపు ముసలమ్మల్లాగే నిప్పు కొస నోట్లోకి పెట్టుకునేది.

"మామ్మా, నిప్పు నువ్వే మింగుతున్నావు, బాగుంది. పొగ దాని మీదకెందుకొదుల్తన్నావు?"

"ఈ పొగలోనే ఆరుగుర్ని కన్నానే."

"ఎందరు నిలిచారు?"

నాయనమ్మ చుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం చెల్లికి నొప్పులొచ్చాయి. నర్సమ్మ ఆ రోజు మండలంలో మీటింగుకు వెళ్లింది. జీపు ఎక్కుతుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒరే, అక్కడ ఎనిమిదనకు. తొమ్మిది పడిందని సెప్పు. ఎనిమిదో నెల బిడ్డ నిలవదురా, ఆ మాట నోట రానీకు." మా ఇళ్లల్లో ఏడో నెల అంటారు, తొమ్మిదో నెల అంటారు. ఎనిమిది అనరు. క్యాలెండర్ తలుపు వెనక మేకుకే ఉంది. చూశాను. తియ్యలేదు.

దగ్గరలో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాం. చీటీ నేనే నింపాను. నెలలు: తొమ్మిది. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, "ఖాయమేనా? అలా అనిపించడం లేదే" అంది. "మా పిల్లలు సన్నంగానే పుడతారమ్మా" అంది నాయనమ్మ. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఖాయమే అన్నాను. అప్పటికి విలేకరిగా ఆరేళ్ల అనుభవం నాకు.

మగబిడ్డ. ఊపిరి అందక ఎగశ్వాస పట్టింది. శ్రీకాకుళం తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. రెండో రోజు మధ్యాహ్నం పోయాడు.

తర్వాత నర్సమ్మ ఇంటికి వచ్చింది. చెల్లి దగ్గర చాలాసేపు కూర్చుంది. లేచి, తలుపు వెనక క్యాలెండర్ చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"తొమ్మిదని ఎవరు రాశారు?"

"నేనే."

"ఊరందరి మాటా రెండుసార్లు అడిగి రాస్తావు కదా బాబూ. ఇంట్లో మాట ఒక్కసారి అడగనేదేటి?"

ఆమె గొంతు పెంచలేదు.

"ఎనిమిదని తెలిస్తే సూది పడేది. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులకి బలమిచ్చే సూది. అట్నుంచటే పెద్దాసుపత్రికి పంపేవోరు. బతికేవోడో నేదో నేను సెప్పనేను. సూదయితే పడేది. ఇది పేపర్లో రాయి. ఇంకో ఇంట్లో తొమ్మిదనకుండా ఉంటారు."

ఆ తర్వాత చాలామంది డాక్టర్లను అడిగాను. నెలలు నిండని కాన్పులు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి, సంపన్న దేశాల్లోనూ ఉన్నాయి. రక్తపోటు, ఇన్ఫెక్షన్లు, రక్తహీనత, పొగాకు, కవలలు, మరీ చిన్న వయసు గర్భం, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం: తెలిసిన కారణాలివి. చాలా కాన్పుల్లో కారణం ఎవరికీ తెలియదు. మా చెల్లికి నొప్పులు ముందే ఎందుకొచ్చాయో నాకిప్పటికీ తెలియదు. తెలిసింది ఒకటే. ఏడో నెలలో పుట్టిన బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. నాయనమ్మ భయపడిన అంకెలో భయమేమీ లేదు, దాన్ని దాచడంలోనే ఉంది.

ఇవన్నీ విడివిడిగా వార్తలు రాశాను. మొదటి నెలల్లోనే పరీక్షలు చేయించుకోవాలని, మాత్రలు మానకూడదని, పొగ దగ్గరికి పోకూడదని. కటింగులు చూపిస్తే నర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివేది. "అన్నీ రాసేవు. ఎనిమిదో నెల రాయనేదు" అని మడిచి ఇచ్చేసేది. నాయనమ్మ ఉంది కదా అనుకున్నాను. నాయనమ్మ పోయాక, చెల్లి చదువుతుంది కదా అనుకున్నాను. చెల్లికి తర్వాత ఒక కూతురు పుట్టింది. ఆ కాన్పుకు చెల్లే క్యాలెండర్ సంచిలో పెట్టుకుని బయలుదేరింది. ఆ రోజు కూడా నేను రాయలేదు. పోయినేడు కోటబొమ్మాళి స్టేషన్లో కనిపించి, "రాసేవా?" అంది నర్సమ్మ. రాస్తానన్నాను. రైలొచ్చింది.

మంగళవారం ఆమె ఇంటికి వెళ్లాను. ముందుగదిలో గోడకు ఈ ఏడాది క్యాలెండర్ ఉంది. రిటైరయ్యాక కూడా చుట్టుపక్కల కోడళ్లు వచ్చి లెక్క కట్టించుకునేవారట. ఇంకా రాని నెలల్లో మూడు ఎర్ర సున్నాలు, పక్కన చిన్న అక్షరాల్లో పేర్లు, వాటికి ముందు పెన్సిల్ గీతలు. ఫ్యాను గాలికి కాగితాలు లేచి పడుతున్నాయి.

వచ్చినవాళ్లు పలచబడ్డాక, నాకు ఫోన్ చేసిన ఆశా కార్యకర్త స్టూలెక్కి ఆ క్యాలెండర్ తీసింది. చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఆ కోడళ్ల ఇళ్ల వైపు ఎండలోకి నడిచింది. గోడ మీద అది ఉన్న మేర సున్నం తెల్లగా ఉంది.