లుంగీ బిగుసుకున్న పొద్దున

గల్ఫ్ యుద్ధం అయిపోయిన మరుసటి చలికాలం, సౌదీలో మేం పనిచేసే బురైదా తోటలో గొర్రెల మేతకు నా పెనిమిటి బర్సీం గడ్డి విత్తనం చల్లాలి. ఈసారీ మొలవకపోతే మా ఇద్దర్నీ ఇంటికి పంపిస్తానన్నాడు మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్. మంచుకు నేల పగుళ్లిచ్చిన పొద్దున చల్లితే, ఎండెక్కాక విత్తనం మెల్లగా లోపలికి దిగుతుంది. చలి పోతోందని నేనెంత తొందరపెట్టినా, ఆయన రోజూ వట్టికాళ్లతో నేల తొక్కి చూసి, ఇంకా పగుళ్లియ్యలేదని మళ్లీ వచ్చి పడుకునేవాడు.

ఒక పొద్దున తీగ మీద ఆరేసిన ఆయన లుంగీ మంచుకు అప్పడంలా బిగుసుకుంది. తెచ్చి మంచం పక్కన నిలబెట్టాను.

"సూడు, నీ లుంగీ నీకన్న ముందుగల్ల లేశింది. నువ్వెప్పుడు లేస్తవ్?"

"నవ్వుడు ఆపి సంచి తే," అంటూ ఉరికాడు.

ఎండ రాకముందే చల్లేశాం. గడ్డి మడి నిండా కమ్ముకుంది. కఫీల్ పంపే మాట మళ్లీ ఎత్తలేదు. పోయిన మనిషిని అనకూడదు గానీ, నా పెనిమిటి ఆ నెలంతా తనే మొలిచినట్టు గట్ల మీద తిరిగాడు.